మెకానికల్ కీబోర్డు

మెకానికల్ కీబోర్డు అనగా ప్రతి మీట క్రింద విడిగా స్ప్రింగుతో కూడిన స్విచ్చు గల కంప్యూటరు కీబోర్డు. మామూలు వాటిలో మీటలన్నిటికీ సాధారణంగా ఒకే రబ్బరు పొర ఉండును. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980లలో రూపొందించిన ఎమ్ఎక్స్ స్విచ్చులు ప్రసిద్ధమైనవి. వీటిలో ఎరుపు రకమును సుమారు 45 గ్రాముల బలముతో 2 మి.మీ. నొక్కిన చాలును, ఆటలకు అనువైనది. నీలం రకము టక్కుమని మ్రోగును, ఇంటిల్లిపాదీ నిద్రించు వేళ తగదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరమున ఉప్పుగాలికి లోహపు భాగములు తుప్పు పట్టును గనుక, స్విచ్చులను ఊడదీసి మార్చుకొనగల కీబోర్డు మేలు. సొమ్ము పరిమితమైనచో రంగుదీపముల కీబోర్డు కన్నా ముందు మంచి ఎస్‌ఎమ్‌పీఎస్, యూపీఎస్ కొనుట యుక్తము. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానుకు వేలాది విద్యుత్ స్తంభములు కూలినవి; అంతటి అంతరాయమునకు యూపీఎస్ చాలదు, ఆటను భద్రపరచి కంప్యూటరును ఆపుటకు మాత్రమే వ్యవధినిచ్చును.