పొగ, నిప్పు, న్యాయవిద్య

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఇచ్ఛాపురం మండలంలో, సముద్రతీరాన డొంకూరు అనే మత్స్యకార గ్రామం ఉన్నది. అక్కడినుండి కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలవరకు కొబ్బరి, జీడిమామిడి తోటలతో నిండిన నేలకు ఉద్దానమని పేరు. ఈ ప్రాంతపు విద్యార్థి ఇంటర్మీడియట్ ముగించి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరదలచినట్లయితే ముందుగా ఒక ప్రవేశపరీక్ష వ్రాయవలసి ఉంటుంది. అందులో తర్కశక్తిని పరీక్షించే ప్రశ్నలకు ప్రత్యేకంగా ఒక భాగం ఉన్నది. న్యాయవాది కాదలచినవారికి తర్కంతో పని ఏమి? ఈ సందేహానికి మన భాషలోనే సమాధానం ఉన్నది. న్యాయశాస్త్రమంటే నేడు మనకు చట్టం స్ఫురిస్తుంది. పూర్వులకు తర్కం స్ఫురించేది.

గౌతముని న్యాయసూత్రాలలో పేర్కొన్న పదహారు పదార్థాలలో ప్రమాణం, సంశయం, దృష్టాంతం, నిర్ణయం ఉన్నవి. వీటితోపాటు వాదం, జల్పం, వితండ, హేత్వాభాసం కూడ ఉన్నవి. సత్యం తెలుసుకొనడానికి చేసే చర్చ వాదం. గెలుపే లక్ష్యంగా చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలుపక ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకొనేది వితండ. నేటి న్యాయస్థానంలోనైనా ఈ మూడింటికీ గల భేదం తెలియనివారు రాణించలేరు.

ఈ శాస్త్రాన్ని బాలురకు సైతం అందుబాటులోకి తెచ్చినవాడు ఒక తెలుగువాడే. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు కాశీలో స్థిరపడి 'తర్కసంగ్రహం' అనే చిన్న గ్రంథాన్ని, దానికి 'దీపిక' అనే వ్యాఖ్యను సంస్కృతంలో రచించినాడు. కాశీకి పోయినంతమాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాజాలడని పండితులలో ఒక నానుడి పుట్టినదంటే ఆయన కీర్తి ఎంతటిదో ఊహించవచ్చును. దేశమంతటా తర్కం నేర్చుకొనేవారికి నేటికీ అదే తొలిపాఠం.

ఆయన చూపిన ఉదాహరణ అందరికీ తెలిసినదే. కొండమీద నిప్పు ఉన్నది: ఇది ప్రతిజ్ఞ. పొగ కనబడుతున్నది గనుక: ఇది హేతువు. ఎక్కడ పొగ ఉండునో అక్కడ నిప్పు ఉండును, వంటింటిలో వలె: ఇది ఉదాహరణ. ఈ కొండమీద అట్టి పొగ ఉన్నది: ఇది ఉపనయం. కాబట్టి ఇక్కడ నిప్పు ఉన్నది: ఇది నిగమనం. ఈ అయిదింటిలో భారమంతా మోసేది మూడవదానిలోని నియమం. పొగకూ నిప్పుకూ గల ఆ విడరాని సంబంధానికి వ్యాప్తి అని పేరు.

ఇదే మాటను తిరుగవేసి, నిప్పు ఉన్నది కాబట్టి పొగ కూడ ఉండవలెనంటే ఏమవుతుంది? కొలిమిలో ఎర్రగా కాగిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చికట్టె కూడ ఉండాలి. ఇట్లు చాటుననుండి ఫలితాన్ని శాసించే షరతును తార్కికులు ఉపాధి అన్నారు. ఉపాధి బయటపడితే వ్యాప్తి చెడుతుంది, వ్యాప్తి చెడితే వాదం కూలిపోతుంది.

ఇక పరీక్ష చరిత్రకు వద్దాం. న్యాయవిద్యకు తగినవారిని ఎంపిక చేయడానికి మెరుగైన పరీక్ష కావాలన్న ఆలోచన 1945లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బయలుదేరినది. హార్వర్డు, యేల్ సంస్థలు కూడ కలిసిరాగా 1948లో మొదటి పరీక్ష జరిగినది. దానినే ఎల్‌శాట్ అంటారు. మన దేశంలో న్యాయ విశ్వవిద్యాలయాలు మొదట వేరువేరుగా పరీక్షలు జరుపుకొనేవి. విద్యార్థుల ఇక్కట్లపై 2006లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలయిన పిదప, హైదరాబాదులోని నల్సారుతో సహా ఏడు సంస్థలు కలిసి 2008లో క్లాట్ అనే ఉమ్మడి పరీక్షను ప్రారంభించినవి. అదే సంవత్సరం విశాఖపట్నంలో కూడ ఒక న్యాయ విశ్వవిద్యాలయం వెలసినది. 2023 డిసెంబరు పరీక్షనుండి క్లాట్‌లో ప్రశ్నలు 120, వ్యవధి 120 నిమిషాలు. అందులో ఇంచుమించు అయిదవ వంతు తర్కప్రశ్నలు.

అటువంటి ప్రశ్న నొకదానిని ఉద్దానపు నేలమీదనే కల్పించి చూద్దాం. ఒక ఊరిలో రెండు పేటలు ఉన్నవి. మొదటి పేటవారు బోరునీరు త్రాగుతారు, వారిలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువ. రెండవ పేటవారు ఏటినీరు త్రాగుతారు, వారిలో తక్కువ. కాబట్టి వ్యాధికి బోరునీరే కారణం. ఈ వాదాన్ని బలహీనపరిచే విషయం క్రిందివాటిలో ఏది?

(అ) ఆ బోర్లు చాలకాలంనుండి ఉన్నవి. (ఆ) మొదటి పేటవారు పగలంతా ఎండలో కూలిపని చేస్తారు, రెండవ పేటవారు నీడపట్టున పనిచేస్తారు. (ఇ) ఈ వ్యాధి కుటుంబాలను అప్పుల పాలు చేస్తుంది. (ఈ) బోరునీరు రుచిగా ఉండదు.

'ఇ' మనసును కదలిస్తుంది, కాని వాదానికి తగలదు. 'ఈ' నిజమే కావచ్చును, కాని రుచికీ వ్యాధికీ సంబంధం చూపలేదు. 'అ' వాదాన్ని బలపరిస్తే బలపరచవచ్చును గాని దెబ్బతీయదు. 'ఆ' ఒక్కటే రెండు పేటలకు నీటిలోనే కాక మరొకదానిలో కూడ భేదం ఉన్నదని చూపుతున్నది. అన్నంభట్టు మాటలలో చెప్పాలంటే అది అనుమానించదగిన ఉపాధి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'ఆ' వలన నీరు నిర్దోషి అని తేలలేదు. నేరం ఇంకా రుజువు కాలేదని మాత్రమే తేలినది.

పేటలు కల్పితమైనా వ్యాధి కల్పితం కాదు. ఉద్దానంలో ఎన్నో కుటుంబాలు దాని వాతపడినవి. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండదెబ్బ, నొప్పిమాత్రలు, వంశపారంపర్యం, ఇట్లు పలు కారణాలను పరిశోధకులు పరిశీలించినారు. అయినా ఇదే కారణమని నిస్సందేహంగా తేలలేదు.

యూరపులో డాన్యూబు ఉపనదుల తీరగ్రామాలలో ఇటువంటి వ్యాధే 1950 దశకంలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. ఒక గ్రామంలో వ్యాధి ఉంటే ప్రక్క గ్రామంలో ఉండేది కాదు. భూగర్భంలోని లిగ్నైటు బొగ్గునుండి బావినీటిలోకి విషం దిగుతున్నదని కొందరు తలచినారు. తుదకు 2007 ప్రాంతంలో అసలు దోషి గోధుమచేలలో మొలిచే ఒక కలుపుమొక్క అని బలమైన ఆధారాలు దొరికినవి. దాని గింజలు పంటతో కలిసి పిండిలోకి, పిండితో రొట్టెలోకి చేరినవి.

దీనినిబట్టి, కారణం తేలేవరకు చేతులు కట్టుకొని కూర్చోవాలనుకోవడం మరొక హేత్వాభాసం. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలం జలాశయంనుండి ఉద్దానానికి రక్షితజలం తెచ్చే పథకం కూడ అప్పుడే ప్రారంభమైనది. నీరు దోషి అని రుజువు కాకపోయినా మంచినీరు ఇవ్వడం సబబే. మంచినీరు ఇచ్చినంతమాత్రాన నీరే దోషి అని తేలిపోదు. ఈ రెండు మాటలనూ వేరుచేసి చూడగలగడమే తర్కం.

పరీక్షగదిలో ఇట్టి ప్రశ్నకు లభించేది ఒక నిమిషం. డాన్యూబు తీరంలో అదే ప్రశ్నకు సమాధానం దొరకడానికి అర్ధశతాబ్ది పట్టినది. ఉద్దానంలో ఆ ప్రశ్న ఇంకా జవాబుకోసం వేచి ఉన్నది.