పికప్ ట్రక్కు చెక్క నేల

1947–55 కాలపు షెవ్రొలే పికప్‌ల వంటి పాత అమెరికన్ ట్రక్కుల సరుకు తొట్టికి వేసే చెక్కల అడుగుభాగం. పాడైన చెక్కలను చాలామంది ఇంట్లోనే కొత్తగా చేసుకుంటారు. పైన్, ఓక్, యాష్ కలపలు వాడతారు. కలప బాగా ఆరి ఉండాలి. చిత్రిక పట్టి, పొడవాటి అంచుల్లో పైవైపు మెట్టులా కోస్తారు. పక్కపక్క చెక్కల మెట్లను కప్పుతూ ఉక్కు పట్టీ కూర్చుంటుంది. పట్టీలోని నలుచదరపు రంధ్రం, పట్టీని బిగించే బోల్టు చదరపు మెడను పట్టేస్తుంది కనుక, కింద నట్టు బిగిస్తుంటే బోల్టు తిరగదు. అసలు నేర్పంతా చెక్కల మధ్య వదిలే సందులోనే ఉంది: తేమకు కలప అడ్డంగా ఉబ్బుతుంది, సందు లేకపోతే చెక్క వంగిపోతుంది. పాత చెక్క పుచ్చినా పారేయకూడదు, కొలతలకు అంతకు మించిన ఆధారం లేదు. బిగించే ముందే అడుగువైపుకూ, కోసిన కొసలకూ రంగు పట్టించాలి; నీరు మొదట పీల్చేది కొసలే.