ఆపదలో ఆదుకోవడం ఉద్యోగమైన కాలం

సాగర్ గేట్లు ఎత్తారంటే మన నందికొండకు తిరునాళ్లే. 26 గేట్ల మీదుగా దూకే నీళ్లను చూడడానికి హైదరాబాదు నుంచి జనం వస్తారు. ఆ నీళ్లు దిగువకు చేరేలోపు ఎవరెవరిని లేపాలో, ఎక్కడికి తరలించాలో చూసే పని ఒకటుందని బడిలో ఉన్నప్పుడు మనలో ఎంతమందికి తెలుసు? డాక్టరు, ఇంజనీరు, టీచరు అన్నాం గానీ, ఆపదలో ఆదుకోవడం కూడా ఒక ఉద్యోగమని ఎవరం అనుకోలేదు. నిజానికి అప్పట్లో అది ఉద్యోగం కాదు కూడా.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవారు దాదాపు పదివేలు. శవాలను దహనం చేయడానికీ, గంజి కాచి పోయడానికీ స్వచ్ఛంద సంస్థల వాళ్లు, విద్యార్థులు, సాధువులు, సన్యాసినులు తరలివచ్చారు. మదర్ థెరీసా వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. గుండె ఉన్నవాళ్లకు కొదవ లేదు. ముందుగా చెప్పి జనాన్ని ఖాళీ చేయించే యంత్రాంగమే సరిగా లేదు. 1990 మే నెలలో అంతటి తుఫానే కోస్తాను తాకితే మృతులు వెయ్యి లోపే. ఆ తేడా హెచ్చరికది, ముందే తరలించడానిది, తుఫాను షెల్టర్లది.

మన గడప దాకా వచ్చిన పరీక్ష 2009ది. అక్టోబరు మొదటి రోజుల్లో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది. మన పాలమూరు జిల్లాలో అలంపురం, రాజోలి మునిగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, 885 అడుగులు దాటకూడని మట్టం 896 అడుగులకు చేరింది. తర్వాతి ఆనకట్ట మనదే. సాగర్ కొంత వరదను తన కడుపులో దాచుకుని, మిగతాది దిగువకు వదిలింది. ప్రకాశం బ్యారేజీ దాటింది సుమారు 11 లక్షలు. గంటగంటకూ మట్టం చూసి, ఏ గేటు ఎంత ఎత్తాలో లెక్కగట్టి, కింది జిల్లాలకు ఫోన్లు చేసిన సిబ్బందిని సహాయ కార్యకర్తలని ఎవరూ అనరు. నా దృష్టిలో పడవ నడిపినవాడి కంటే వాళ్లు తక్కువేమీ కాదు.

2005 చివరలో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ఎన్డీఆర్ఎఫ్ ఏర్పడింది. అందులోకి నేరుగా నియామకాలు ఉండవు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో చేరి, అక్కడి నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లాలి. ఈ సంగతి పదో తరగతి పిల్లలకు చెప్పే టీచర్లు తక్కువ. నర్సులు, మంచినీళ్ల ఇంజనీర్లు, సరుకుల లెక్కలు చూసేవాళ్లు కూడా రెడ్‌క్రాస్ వంటి సంస్థలకు కావాలి. విపత్తుల చదువుకు ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో ప్రత్యేక విభాగమే ఉంది.

ఇన్ని ఏర్పాట్లున్నా, 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. వాళ్లను బయటికి తెచ్చింది హర్యానా నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఒక జేసీబీ డ్రైవరు. ఆ ఏడాది చివర్లో రాష్ట్ర ప్రభుత్వం అగ్నిమాపక శాఖ కింద సొంత విపత్తు దళాన్ని ప్రారంభించింది. కానిస్టేబుల్ పరీక్షలకు చదివే మన పిల్లలు ఫైర్‌మన్ నోటిఫికేషన్ వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి.