పొలంలో నాలుగు మూలలు

ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యి నాన్నా, మంట అందుకుంటుంది. అందరూ దగ్గరికి జరగండర్రా. పొద్దున బ్యాడ్స్‌లీ క్లింటన్ వంతెన మీద నించుని, "తాతా, ఇక్కడ ఏ రాజుతో యుద్ధం జరిగింది?" అన్నావే, దానికి ఇప్పుడు చెబుతాను.

అది కోట కాదురా, ఊరి దొర ఇల్లు. ఇంగ్లండులో అలా చుట్టూ అగడ్త తవ్వుకున్న చోట్లు 5 వేలకు పైనే ఉన్నాయి. ఎక్కువభాగం 1250, 1350 మధ్య తవ్వినవే. సఫోక్, ఎసెక్స్, మన వార్విక్‌షైర్‌లో బంకమన్ను నేలలు ఎక్కువ. నీళ్లు ఇంకిపోవు, నిలుస్తాయి. ఆ నీళ్లలో చేపలు పెంచుకునేవాళ్లు. శుక్రవారం మాంసం ముట్టని రోజులవి! దొంగలకీ కాస్త అడ్డు. అన్నిటికీ మించి పరువు. సైన్యాలని ఆపడానికి తవ్వినవి కావు.

అలాంటి ఇంట్లోనే ఒకసారి మనుషులు ప్రాణాలు అరచేత పెట్టుకుని గడిపారు. 1591 అక్టోబర్, ఎలిజబెత్ రాణి ఏలుబడి. విదేశంలో దీక్ష తీసుకున్న క్యాథలిక్ గురువు ఈ గడ్డ మీద దొరికితే రాజద్రోహమే, మరణశిక్షే. ఆన్ వాక్స్ అనే ఆవిడ ధైర్యం చేసి అలాంటి గురువులకి ఆ ఇంట్లో ఆశ్రయమిచ్చేది. ఒకరోజు తెల్లవారుజామున 5 గంటలకి ఆ గురువుల్ని వెతికేవాళ్లు వచ్చి తలుపులు దబదబా బాదారు. పనివాళ్లు గుమ్మం దగ్గర అడ్డుపడ్డారు. లోపల పక్కలింకా వెచ్చగానే ఉన్నాయి. చెయ్యి వేస్తే తెలిసిపోదూ? అందుకని పరుపులు తిరగేసి చల్లటి వైపు పైకి పెట్టారు! తర్వాత తొమ్మిది పదిమంది నేల కింద సొరంగంలోకి దిగి, నీళ్లలో పాదాలు పెట్టుకుని నాలుగు గంటలు నించున్నారు. ఒక్కరూ దొరకలేదు. వాళ్లలో జాన్ జెరార్డ్ అనే ఆయన ఇదంతా రాసిపెట్టాడు. ఇంటి పేరు మాత్రం రాయలేదు. అది మనం పొద్దున చూసిన ఈ ఇల్లేనని చరిత్రకారులు తర్వాత పోల్చుకున్నారు.

ఈ ఇల్లు నిలిచింది కాబట్టి కథ చెప్పుకుంటున్నాం. చాలాచోట్ల ఇల్లు పోయి గుంట ఒక్కటే మిగిలింది, దాన్నీ దున్ని పూడ్చేసిన చోట్లున్నాయి. అది చూస్తే నా మనసు చివుక్కుమంటుంది.

అందుకే చెబుతున్నా. పొలంగట్టున నడుస్తుంటే నీటిగుంటని ఊరికే దాటి పోకండి. పాత అగడ్త కావచ్చు, మూలలున్నాయేమో చూడండి. నాలుగు మూలలూ కనబడితే, ఆ నడిమి దిబ్బ మీద ఒకప్పుడు ఇలాగే పొయ్యి వెలిగిందనీ, దాని చుట్టూ మనలాగే ఎవరో కూర్చున్నారనీ తలుచుకోండి.