1940 బండి, 1982 ఇల్లు

ఏబీఆర్ 7776. ఈ నంబరు ఇప్పటికీ తడుముకోకుండా చెప్పేవాళ్లు తెలుగునాట ఉన్నారు. 1940 మోడల్ షెవ్రొలే వ్యాన్ అది. 1982లో నందమూరి తారక రామారావు దాని పైకప్పు మీద నిలబడి ఊరూరా మాట్లాడారు. పొద్దుపోయాక అందులోనే నడుం వాల్చారు. తెల్లారాక రోడ్డువారనే స్నానం ముగించి మళ్లీ బయల్దేరారు. పేరు చైతన్య రథం. అందరూ దాన్ని ప్రచార వాహనంగానే చెప్పుకుంటారు. రాజకీయం కాసేపు పక్కనబెట్టి బండిని బండిగా చూస్తే, పాత వ్యాన్‌ను బాగు చేయించి, ఇల్లుగా మార్చుకుని, సొంత కొడుకు నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగిన కుటుంబం కథ అది. జర్మనీలోనో అమెరికాలోనో అయితే దాన్ని క్యాంపర్ వ్యాన్ల లెక్కలో రాసేవారు.

డిచ్‌పల్లి కూడలి దగ్గర నిజామాబాద్ రోడ్డు హైవే నుంచి విడిపోతుంది. ఒకప్పుడు ఈ హైవే కాశీ నుంచి కన్యాకుమారికి పోయే ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు శ్రీనగర్ నుంచి వచ్చే నలభై నాలుగు. లారీల వరసలో అప్పుడప్పుడు ఒక ఇల్లు కూడా వెళ్తుంటుంది. వెనక సైకిలు, పైన సోలార్ పలక, కిటికీకి పూల పరదా. ఆ దృశ్యం చూసి, పాత మెటాడోరో టెంపో ట్రావెలరో కొని పెరట్లో పెట్టుకుని మంచం, పొయ్యి అమర్చుకోవాలని ఉబలాటపడేవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు. ఆ పనికి దిగినవాడికి ఇంజన్ కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. బండిని ఏ ఏటికి తీసుకుపోవాలి? కార్ఖానా గేటు దాటిన ఏటికా, మనుషులు వాడుకుంటూ మార్చుకున్న ఏటికా? ఈ ప్రశ్నను చైతన్య రథమంత సూటిగా అడిగే బండి మన దగ్గర మరొకటి లేదు.

ముందు 1940 సంగతి. ఆ ఏటి షెవ్రొలేకి ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. సామర్థ్యం 216 ఘనపుటంగుళాలు, మన లెక్కలో మూడున్నర లీటర్లు. శక్తి 85 హార్స్‌పవర్. కనెక్టింగ్ రాడ్లకు ఇప్పటిలా కొనితెచ్చి తొడిగే బేరింగులు ఉండవు. తగరం, ఆంటిమొనీ, రాగి కలిసిన తెల్లలోహాన్ని కరిగించి రాడ్డులోనే పోయాలి. చల్లారాక క్రాంకుకు సరిపడేదాకా చెక్కుకోవాలి. రాడ్లకు ఆయిల్ పంపు ఒత్తిడితో అందదు. రాడ్డు అడుగు ముక్క ఆయిల్ తొట్టిలో మునిగి లేస్తూ చిమ్ముకోవాలి. బ్యాటరీ ఆరు ఓల్టులే. ఇలాంటి ఇంజన్ దించితే పుస్తకం చదివి బాగుచేసేది సగమే, మిగతా సగం తెల్లలోహం పోయడం తెలిసిన చెయ్యి దొరకడం మీద ఆధారపడుతుంది.

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్ఖానా పెట్టి, ఓడల్లో వచ్చిన విడిభాగాలతో బళ్లు బిగించింది. స్వాతంత్ర్యం తర్వాత, బిగింపుతో సరిపెడితే కుదరదు, తయారీ కూడా ఇక్కడే జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. 1954లో ఆ కంపెనీ తలుపులు మూసుకుని వెళ్లిపోయింది. అంటే 1982 నాటికి ఈ దేశంలో తిరుగుతున్న ఏ పాత షెవ్రొలే అయినా ఇరవై ఎనిమిదేళ్లుగా పుట్టిల్లు లేని బండి. దుకాణంలో దొరకని భాగం లేత్ మీద పుట్టాల్సిందే, లేదంటే ఇంకో బండిది కోసి అతికించాల్సిందే. మన మెకానిక్కుల పనితనమంతా ఈ లేమిలో పుట్టింది. అందుకే వాళ్లు దేన్నీ పాత రూపానికి తేవాలని చూడలేదు, రేపు పొద్దున్నకు కదిలిస్తే చాలనుకున్నారు.

ఇటు బోధన్ వైపు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. 1937లో పుట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా, క్రషింగ్ మొదలైందంటే చెరకు బండి రోడ్డు మీద ఆగడానికి వీలుండేది కాదు. కొట్టిన చెరకు ఎండేకొద్దీ బరువూ తగ్గుతుంది, అందులో చక్కెరా తగ్గుతుంది. కమాన్ పట్టీ విరిగితే ఏ కంపెనీదని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. సరిపోతుందా లేదా, అంతే.

అదే చక్కెర ప్రాంతం పాత బండి బాగుచేసేవాడికి మరో మేలు కూడా చేయగలదు. తుప్పు వదిలించడానికి ప్రపంచమంతటా పాత బళ్ల పిచ్చోళ్లు మొలాసిస్ వాడతారు. ఒక వంతు మొలాసిస్‌కు పది వంతుల దాకా నీళ్లు కలిపి, తుప్పుపట్టిన ఇనుప భాగాలను అందులో వారం రెండు వారాలు నాననిస్తారు. తుప్పు కరిగిపోతుంది, మంచి ఇనుము మిగులుతుంది. అల్యూమినియం ముక్కలు మాత్రం అందులో పడకూడదు, పాడైపోతాయి. వాసనకు ఇంట్లోవాళ్లు ఊరుకోరు కాబట్టి డ్రమ్ము పెరటి చివర పెట్టుకోవాలి. ఇంకో చిక్కు, ఇక్కడ మొలాసిస్, నల్లబెల్లం అనగానే ఎక్సైజ్ వాళ్లకు గుడుంబా గుర్తొస్తుంది. వ్యాన్ తలుపు నానబెట్టడానికని చెప్పి నమ్మించడం కష్టం. పశువుల దాణాకని అమ్మే మొలాసిస్‌ను బిల్లుతో కొనుక్కోవడం మేలు.

తుప్పు మాటొచ్చింది కనుక ఇదీ చెప్పాలి. పాత వ్యాన్ కొనేటప్పుడు ఇంజన్ చప్పుడు వింటూ మురిసిపోయేవాళ్లే ఎక్కువ. ఇంజన్‌కు బోర్ కొట్టించొచ్చు, రింగులు మార్చొచ్చు, ఏదీ కుదరకపోతే వేరే ఇంజన్ దొరుకుతుంది. బాడీ అలా కాదు. నీళ్లు నిలిచే చోట్లు చూడాలి: పైకప్పు అంచు, అద్దాల బీడింగ్ కింద, చక్రాల గూళ్లు, డ్రైవరు కాళ్ల కింది రేకు. రంగు మెరుస్తోందంటే అనుమానించాలి. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళితే లప్పం ఎక్కడ మందంగా పూశారో అదే చెబుతుంది, అక్కడ అంటుకోదు.

1982కి వద్దాం. మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటన, తర్వాతి ఏడు జనవరి 5న పోలింగ్, 9న ప్రమాణ స్వీకారం. ఆ తొమ్మిది నెలలూ షెవ్రొలే స్టీరింగ్ ఎక్కువగా పట్టింది రామారావు కొడుకు హరికృష్ణ, అప్పుడు పాతికేళ్ల కుర్రాడు. బండి పైకెక్కి నిలబడే ఏర్పాటు, మైకులు, రాత్రి సభల కోసం దీపాలు, లోపల పడుకునే జాగా, ఇవీ మార్పులు. 75 వేల కిలోమీటర్లు తిరిగిందని తరచూ రాస్తుంటారు. తొమ్మిది నెలలకు పంచితే రోజుకు 270 కిలోమీటర్లు దాటుతుంది. ఊరూరా ఆగుతూ, జనం మధ్య ఇంచీ ఇంచీ కదులుతూ పోయే నలభై రెండేళ్ల బండికి అది నమ్మదగ్గ లెక్కలా నాకు తోచదు. సగమే తిరిగిందనుకున్నా గొప్పే.

దూరం కన్నా కష్టం ఆ నడక వేగమే. పాత పెట్రోలు బండి గంటకు యాభై మీద హాయిగా పోతుంది. మొదటి గేరులో మనిషి నడిచినట్టు గంటలకొద్దీ పోనిస్తే ఎదురుగాలి ఉండదు, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, రేడియేటర్ నీళ్లు కాగిపోతాయి. పెట్రోలు పైపులోనే ఆవిరై కార్బొరేటర్‌కు అందక ఇంజన్ ఆగిపోవడమూ మామూలే. దానికి తోడు పైకప్పు. వ్యాన్ పైరేకు వాన ఆపడానికే ఉందనుకుంటారు, కానీ రెండు పక్కలనూ కలిపి పట్టుకునేది అదే. దారి కోసం కోస్తే కోసిన అంచు చుట్టూ గట్టి ఫ్రేము వెల్డింగ్ చేయాలి. లేకపోతే కొన్నాళ్లకు స్తంభాలు ఎడమై తలుపులు పడవు. దాని మీద మనుషులు కూడా నిలబడితే ఆ బరువును ఛాసీ దాకా దించే ఊతాలు ఉండాలి. ఇప్పుడు సోలార్ పలకలూ, ఎత్తే పైకప్పులూ పెట్టుకునేవాళ్లు తప్పే పాఠం సరిగ్గా ఇదే.

ఎన్నికలయ్యాక ఆ బండి నాచారంలోని రామకృష్ణా స్టూడియో చేరింది. దేశంలో రథాల పరంపర మాత్రం ఆగలేదు. 1990లో అద్వానీ సోమనాథ్ నుంచి బయల్దేరింది టొయోటా బండిని రథంగా మార్చుకునే. 2022లో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహి రంగు మీద రచ్చ జరిగింది, సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ ఇతరుల బళ్లకు వేయకూడదన్న నిబంధన వల్ల. రవాణా శాఖ అది ఆ రంగు కాదని తేల్చాక సద్దుమణిగింది.

హైదరాబాద్‌లో పాత బళ్లు ఇంకా ఉన్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనబడుతుంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చింది, ఆయన 1911లో కన్నుమూశాకే చేరింది. సింహాసనం లాంటి సీటు, వెండి సొగసులు, తిరిగిన దూరం మాత్రం బహు తక్కువ. దాన్ని పుట్టినప్పటి రూపానికి తేవడంలో ఎవరికీ పేచీ ఉండదు, ఎందుకంటే ఆ తర్వాత దానికి జీవితమే లేదు. ఆర్టీసీ వారి అల్బియాన్ బస్సు, డెక్కన్ క్వీన్ అని పిలిచేది, ఇంకో రకం. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారైన ఆ అల్బియాన్లలో మిగిలినదాన్ని బాగుచేసి బస్ భవన్‌లో చూపుతున్నారు. ఆ బస్సు విలువ 1932లోనే ఉంది కాబట్టి దాన్ని అక్కడికే తిప్పడం న్యాయం.

ఈ కొలతతో చైతన్య రథాన్ని 1940కి తిప్పితే ఏమవుతుంది? పైకప్పు మూసేయాలి, మైకులు పీకేయాలి, పడక తీసేయాలి. అప్పుడు మిగిలేది ఒక మామూలు షెవ్రొలే వ్యాన్. అలాంటివి అమెరికాలో కొనుక్కోవచ్చు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టురిన్ పేరుతో ఒక ఒప్పందపత్రం ఆమోదించింది. పునరుద్ధరణ కంటే ఉన్నది కాపాడడం ముఖ్యమని, వాహనం వాడుకలో ఉన్నప్పుడు జరిగిన మార్పులు కూడా దాని చరిత్రేనని అందులోని సారం. ఆ లెక్కన కోసిన పైకప్పే అసలు భాగం. నన్నడిగితే ఇంజన్‌ను 1940 పద్ధతిలో, బాడీని 1982 పద్ధతిలో, బ్రేకులనూ టైర్లనూ ఇవాల్టి పద్ధతిలో బాగుచేయమంటాను.

మన నిబంధనలు అలా చూడవు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి. కొత్త నమోదుకు రూ.20 వేలు, మళ్లీ నమోదుకు రూ.5 వేలు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అక్షరాలు. ఛాసీలో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. ఈ ముక్క అక్షరాలా చదివితే తెలుగువాళ్ల బళ్లలో అందరికంటే పేరున్న బండికి వింటేజ్ అర్హత దక్కడం అనుమానమే. పైగా వీఏ నంబరు తగిలించాక ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదు. క్యాంపర్ వ్యాన్ ఉన్నదే తిరగడానికి. దాన్ని ముచ్చటపడి వింటేజ్‌గా రాయించుకుంటే మేడారం జాతరకు పోవడం కూడా కుదరదు.

అందుకే తిరగదలచినవాళ్లకు మామూలు ఆర్‌సీనే నయం. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. మార్పుల దగ్గర మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఆర్‌సీలో రాసిన వివరాలకు, కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది కానీ, అది ముఖ్యంగా తయారీదారుల కోసం. పెరట్లో ఒక్క మెటాడోర్ పెట్టుకున్నవాడికి ఆ దారి దూరం.

దగ్గరి దారి జర్మనీలో ఎప్పుడో దొరికింది. ఫోక్స్‌వ్యాగన్ వ్యాను 1950లో మొదలైంది. మరుసటేడే వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ దానికో పెట్టె తయారుచేసింది. అందులో పరుపులు, చిన్న బీరువా, వంట సామాను. ప్రయాణమున్నప్పుడు వ్యానులోకి ఎక్కించడం, మిగతా రోజుల్లో దించేసి సరుకు వేసుకోవడం. సీట్ల లెక్క మారకుండా, రేకు కోయకుండా, ఛాసీకి వెల్డింగ్ తగలకుండా, నాలుగు బోల్టులతో బిగించి నాలుగు బోల్టులతో విప్పగలిగే మంచం, పెట్టె మన వడ్రంగీ చేయగలడు. గ్యాస్ సిలిండర్ లోపల బిగించకుండా పొయ్యిని బయటే పెట్టుకోవాలి. ఫిట్‌నెస్‌కు వెళ్లే రోజు పెట్టె ఇంట్లో ఉంటుంది, ఆర్‌సీలో రాసిన బండే ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడుతుంది.