ఎలుగుబంటి పైత్యరసమునుండి ఔషధము

కాలేయమున పుట్టి పిత్తాశయమున నిలువయుండు పైత్యరసములో కొలెస్టరాల్ మితిమీరినచో, అది గడ్డకట్టి రాళ్లగును. కాలేయ రోగములకు ఎలుగుబంటి పైత్యరసమును చైనా వైద్యులు అనేక శతాబ్దములనుండి వాడుచుండిరి. అయితే అందలి గుణమునకు కారణమైన పదార్థమేది?

1902లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హమ్మార్‌స్టెన్ ధ్రువపు ఎలుగుబంటి పైత్యరసములో అంతవరకు ఎరుగని ఆమ్లమొకటి కలదని గుర్తించెను. 1927లో జపానులోని ఒకయామాలో షోడా దానిని స్ఫటికములుగా వేరుపరచి, లాటినులో ఎలుగుబంటి అను అర్థముగల ‘ఉర్సస్’ పదమునుబట్టి ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లమని పేరిడెను.

ఎలుగుబంట్లను చంపి రోగులందరికి మందు సమకూర్చుట సాధ్యమా? ఈ చిక్కు 1954లో విడినది. పశువుల పైత్యరసములో దొరకు కోలిక్ ఆమ్లమునుండి దీనిని తయారుచేయు పద్ధతిని జపానులో కనజావా ప్రకటించెను.

1975లో మకినో, ఆయన సహచరులు ఈ మందు రాళ్లను కరగించునని తెలిపిరి. కాలేయమునుండి పైత్యరసములోనికి వచ్చు కొలెస్టరాలును ఇది తగ్గించును. అంత పలుచనైన రసములో రాయి మెల్లగా కరగును. 1987లో ఫ్రాన్సులో పూపాన్ బృందము, కాలేయములోని సన్నని పైత్యనాళములను చెరచు ఒక వ్యాధికిని ఇది మేలుచేయునని చూపెను.

అయినను సున్నముపట్టిన రాళ్లు దీనికి కరగవు. కరగు రాళ్లకైనను నెలలు పట్టును. మందు మానిన పిమ్మట అవి మరల ఏర్పడవచ్చును. కావున వైద్యుని సలహాపైననే దీనిని వాడవలెను. పేరులో ఎలుగుబంటి నిలిచినను, ఈ మందుకొరకు దానిని చంపవలసిన అవసరము నేడు లేదు.