కోనసీమ కల్లుగీత: ఒక చారిత్రక పరిశీలనము

ద్రాక్షారామమను పేరునుబట్టి గోదావరీతీరమున నొకప్పుడు ద్రాక్షతోటలుండెనని కొందరూహింతురు. సంప్రదాయము మాత్రమా క్షేత్రమును దక్షప్రజాపతితో ముడివెట్టుచున్నది. శ్రీనాథుని భీమేశ్వరపురాణమునను దక్షారామ నామము కానవచ్చును. కావున పేరునొక్కదానిని నమ్మి మద్యచరిత్రను వ్రాయరాదు. గౌతమికి ఆవలియొడ్డున, గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో జనసామాన్యపు మద్యము తాడిచెట్టునుండియు కొబ్బరిచెట్టునుండియు లభించినది.

ఈ భేదము ఆర్థికచరిత్రలో మిక్కిలి ముఖ్యమైనది. ఐరోపాలో రైన్, లువార్ నదీతీరముల ద్రాక్షపంట ఏటికొకసారి చేతికి వచ్చును. దాని రసము పీపాలలో ఏండ్లతరబడి నిలువయుండును. మేలిరకముల విలువ వయస్సుతో పెరుగును. అందుచే తోటగల కుటుంబము తరతరములుగా మూలధనమును కూడబెట్టగలిగినది. కల్లు అట్టిది కాదు. గీతగాడు పూటపూటకు చెట్టెక్కి, పొత్తుకొనను గీసి, కుండ మార్చవలెను. దిగిన రసము కొన్ని గంటలలోనే పులియును. మరునాటికి మిక్కిలి పుల్లనగును. నిలువచేయుటకు వీలులేని సరకుతో నిధి చేకూరదు. తండ్రినుండి కొడుకునకు సంక్రమించినవి మోకు, కత్తి, చెట్టునెరిగిన నేర్పు మాత్రమే.

ఆబ్కారీ పద్ధతి ఈ బలహీనతను మరింత స్థిరపరచెను. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము పిమ్మట గీయు చెట్టుపై పన్నును, అమ్ము అంగడికి వేలమును వ్యాపించెను. చెట్టు రైతుది, అంగడి పాటదారునిది, ప్రాణాపాయము గీతగానిది.

1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను మద్యనిషేధము అమలగుటతో గీత నేరమయ్యెను. సున్నము పూసిన కుండలలో తీపిరసము దింపి బెల్లము వండుటకు అనుమతి లభించినను, అది అందరి జీవనమునకు చాలలేదు. గౌతు లచ్చన్న వీరి పక్షమున ఉద్యమించెను. ఆంధ్రరాష్ట్రావతరణానంతరము రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపవలెనని సూచించినను ప్రభుత్వము అంగీకరింపలేదు. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గము ఈ ప్రశ్నపై ఒక్క వోటు తేడాతో పతనమయ్యెను. నిషేధము 1969లో సడలినది.

మద్యపానమువలన సంసారములు చెడిన మాట సత్యమే; నిషేధవాదుల ఆవేదనను తక్కువచేయరాదు. అయినను త్రాగువానిని సంస్కరింపబూనిన చట్టము గీయువాని జీవికకు తగిన ప్రత్యామ్నాయము చూపలేదు. ఈ ఘట్టమును శాసనసభలోని వోట్ల లెక్కగా చెప్పి విడుచుట చరిత్ర యొక్క అర్ధభాగమును విడుచుటయే. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల గీతకుటుంబములలోని వృద్ధుల జ్ఞాపకములను, వారి వృత్తిపదములను సేకరించుట మిగిలిన భాగమును పూరించు మార్గము. పరిశోధకవిద్యార్థులు ఈ పనికి పూనుకొనవలసియున్నది.